ఆటోనగరులో నొక ప్రాత భాష



క్రిందటి మాసము ఇంటి జమాఖర్చులు వ్రాసికొను పద్ధతిని గుఱించి ముచ్చటించుకొంటిమి. దానిని చదివి యొక సోదరి యిట్లు వ్రాసినది: "లెక్కలన్నియు కంప్యూటరులో నెక్కించితిమేని చెదపురుగు భయము లేదు, వానకు తడియునను భయము లేదు. ఇంక కాగితపు పుస్తకములతో మనకేమి పని?"

ప్రశ్న చక్కనిది. కాని కంప్యూటరులోని లెక్కలకును ఒక విధమైన చెద కలదు. అది పట్టుచున్నట్లు మనకు తెలియదు. దానిని నేను నా పనిలోనే చూచితిని గనుక, ఈ మాసము మిమ్ము వెంటబెట్టుకొని బెజవాడ ఆటోనగరునకు పోదును.

బెంజి సర్కిలునుండి బందరు త్రోవను పోవువారికి పటమట దాటిన పిమ్మట ఆటోనగరు తగులును. మనలో పెక్కుమంది ఆ త్రోవను బస్సులో పోవుచు, ముక్కునకు కొంగు అడ్డము పెట్టుకొని చూపు ప్రక్కకు త్రిప్పుకొనువారమే. డీజిలు వాసన, సుత్తెల మ్రోత, నేలపై నల్లని నూనె మడుగులు - చూడ ముచ్చటయైన చోటు కాదు. అయినను మన యింటికి వచ్చు బియ్యపు బస్తాను, నూజివీడు మామిడి బుట్టను, కైకలూరు చేపల పెట్టెను మోసికొనివచ్చు లారీలకు పుట్టినిల్లును వైద్యశాలయు నదియే. అచ్చట లారీలకు బాడీలు కట్టుదురు. ఇంజనులు విప్పి బాగుచేయుదురు. కమాను పట్టీలు మొదలుకొని చిన్న బోల్టు వఱకు సమస్తమైన సామానును అమ్ముదురు.

అట్టి సామానమ్ము నొక కొట్టునకు లెక్కల ప్రోగ్రాము వ్రాసి, ఇరువది తొమ్మిదేండ్లు దానిని కనిపెట్టియుండుట నా పనియైనది.

ప్రోగ్రాము భాష యననేమో యెఱుగని వారికి రెండు మాటలు చెప్పెదను. క్రొత్తగ కాపురమునకు వచ్చిన పిల్లకు ఆవకాయ పెట్టుట నేర్పునప్పుడు "తగినంత ఉప్పు వేయుము" అన్నచో చాలును. ఆమెకు నాలుక కలదు, బుద్ధి కలదు. కంప్యూటరునకు "తగినంత" అను మాట తెలియదు. కొలత యింత, ముందు ఇది, తరువాత అది, ఒకవేళ ముక్క తడిగ నున్నచో ఇట్లు, లేనిచో అట్లు - అని ప్రతి మెట్టును విడివిడిగ చెప్పవలెను. అట్లు చెప్పుటకై యేర్పఱచిన మాటలను, వాని వ్యాకరణమును కలిపి ప్రోగ్రాము భాష యందురు. మనుష్యుల భాషలవలెనే అవియు ననేకములు కలవు.

నేను నేర్చినదాని పేరు ఫాక్సుప్రో. 1995వ సంవత్సరమున బి.కాం. పరీక్ష ముగించుకొని, గవర్నరుపేటలో నొక శిక్షణాలయమున ఆఱు మాసములు దానిని చదివితిని. అమెరికాలోని ఒహయో రాష్ట్రమునందలి ఫాక్సు సాఫ్ట్‌వేరు అను సంస్థవారు 1989లో దానిని వెలువరించిరి. 1992లో మైక్రోసాఫ్టువారు ఆ సంస్థను కొనిరి. పెద్ద యంత్రములు కొనజాలని చిన్న వర్తకులకు ఈ భాష మిగుల ననుకూలించినది. ఖాతా తెఱచుటకు యూజ్, పేరు వెదకుటకు సీక్, అంకె దిద్దుటకు రీప్లేస్ - ఇట్టి మాటలు కొన్ని పట్టువడినచో ఒక కొట్టు చిట్టాయు ఆవర్జాయు నడపవచ్చును.

1996లో ఆటోనగరు కొట్టు యజమానిగారు నన్ను పిలిపించిరి. ఆడుపిల్ల ఆ లారీల నడుమ నడచివచ్చుట ఆ దినములలో వింతగనే యుండెను. వారు మాత్రము తోబుట్టువువలె చూచిరి. నేను వారిని అన్నగారనియు, వారి భార్యను వదినగారనియు పిలుచుచుంటిని. మూడు మాసములు కూర్చుండి ప్రోగ్రాము వ్రాసితిని. మొదటి బిల్లు డాట్ మాట్రిక్సు యంత్రముపై గరగరలాడుచు బయటికి వచ్చిననాడు అన్నగారు దానిని పటముల ముందుంచి, పిమ్మట నా చేతికి మిఠాయి పొట్లమిచ్చిరి.

ఆనాటినుండి ప్రభుత్వము మాఱినపుడెల్ల, పన్ను మాఱినపుడెల్ల నాకు పిలుపు వచ్చుచుండెను. 1999లో సంవత్సరములను రెండంకెలతో వ్రాసియుంచిన చోట్లన్నియు నాలుగంకెలకు మార్చితిని. లేనియెడల 2000వ సంవత్సరమును కంప్యూటరు 1900 అని తలచెడిది. 2005 ఏప్రిల్ 1న మన రాష్ట్రమున వ్యాటు వచ్చినది. 2014 జూన్ 2న రాష్ట్రము రెండైనది. ఖమ్మము పొరుగు రాష్ట్రమైనది. 2017 జూలై 1న జి.ఎస్.టి. వచ్చినది, మనవారికి 37, తెలంగాణమునకు 36 అను సంఖ్యలు, ఇచ్చటనే యమ్మిన సరకున కొక విధమైన పన్ను, ఖమ్మము పంపిన సరకునకు మఱియొక విధమైనది. ఇన్ని మార్పులను ఆ ప్రాత ప్రోగ్రాము సహించినది. దానికి కుట్లు వేసినదానను నేనే. ఆ విషయమై నాకు గర్వముండెడిది. ఈ కొట్టు నేను లేనిదే నడవదని లోలోపల ననుకొనుచుంటిని.

ఈ మధ్యలోనే ఆ భాషకు చెద పట్టినది. మైక్రోసాఫ్టువారు 2004 డిసెంబరులో విడుదలచేసిన 9వ కూర్పే కడపటిదనియు, ఇక క్రొత్తది వెలువరింపమనియు 2007 మార్చిలో ప్రకటించిరి. 2015 జనవరి 13తో దానికి చేయు మరమ్మతులు సైతము నిలిచిపోయినవి. అయినను కొట్టులోని బిల్లు మఱునాడును వచ్చినది, ఆ మఱునాడును వచ్చినది. ఏమియు చెడలేదు గనుక ఎవరును గమనింపలేదు. నేను గమనించియు ఊరకుంటిని.

నా మేనకోడలు కానూరులో ఇంజనీరింగు చదువుచున్నది. ఒకనాడు నా భుజముమీదుగ తెరలోనికి చూచి, "అత్తయ్యా! ఇంకను ఇందులోనే వ్రాయుచున్నావా? దీనిని మ్యూజియములో పెట్టవలెను" అని నవ్వినది. నాకు కష్టము తోచినది. "మఱి నీవు నేర్చు భాష యెప్పటిది?" అంటిని. ఆమె పైథాను నేర్చుచున్నది. వెదకిచూచి, "1991" అని మెల్లగ చెప్పినది. నా భాషకన్న రెండే యేండ్లు చిన్నది! ఆ పూట నేనే గెలిచితినని సంతోషించితిని.

కాని రాత్రి పండుకొన్న పిమ్మట ఆ గెలుపు నిలువలేదు. రెండేండ్ల తేడా గలవానిలో ఒకటి మూలబడుటకును, ఒకటి లోకమంతట పిల్లలు నేర్చుటకును కారణమేమి? కోబాల్ అను భాష కలదు. దానిని 1959లో అమెరికాలో ఒక సంఘమువారు సంకల్పించిరి. గ్రేసు హాపరు అను విదుషీమణి అంతకుముందు నిర్మించిన భాష దానికి ఆధారమైనది. నా భాషకన్న ముప్పదేండ్లు పెద్దది. బ్యాంకుల లెక్కలు, భీమా లెక్కలు నేటికిని దానిలో పెక్కు నడచుచున్నవి. దాని నియమావళిని 2023లో సైతము సవరించిరి. 2000వ సంవత్సరపు రెండంకెల చిక్కు వచ్చినప్పుడు, ఆ వృద్ధ భాషను నేర్చియే కదా మన తెలుగు బిడ్డలు వందలు వేలుగ హైదరాబాదు అమీరుపేట శిక్షణాలయములనుండి అమెరికాకు పోయిరి!

దీనిని బట్టి నాకు తోచిన దేమన, భాషకు ముసలితనము ఏండ్లచేత రాదు. కనిపెట్టియుండువారు లేకపోవుటచేత వచ్చును. ఫాక్సుప్రో లోగుట్టు ఒక్క యింటివారి యధీనమున నుండెను. వారు తలుపు మూసికొనగానే దాని యెదుగుదల యాగినది. పైథాను లోగుట్టు అందఱకు తెఱచియున్నది. ఎందఱో చేతులు వేసి యేటేట దానిని దిద్దుచున్నారు. అట్లని క్రొత్తదానికి గండములు లేవని కాదు. పైథానువారు 2008లో మూడవ కూర్పును వెలువరించి, 2020 జనవరి 1 మొదలు రెండవ కూర్పును మానివేసిరి. దానిలో వ్రాసికొన్నవారందఱు తమ వ్రాతను తిరిగి దిద్దుకొనవలసినవారైరి. కోబాల్ సంగతియు నంతే. 2020 ఏప్రిల్‌లో, కరోనా దినములలో, న్యూజెర్సీ రాష్ట్రమున ఉద్యోగములు పోయినవారి విన్నపములు లక్షలుగ వచ్చి పడగా, అచ్చటి గవర్నరు కోబాల్ తెలిసినవారు ముందుకు వచ్చి సాయపడవలసినదని బహిరంగముగ వేడుకొనవలసివచ్చినది. భాష బ్రతికియున్నది, తెలిసిన పెద్దలు పనినుండి విరమించిరి, పిన్నలకు నేర్పినవారు లేరు.

ఇంత తెలిసియు నేను నా కొట్టు విషయమున ఏమియు చేయలేదు. చేయించినది వదినగారు.

2024లో అన్నగారు గుండెనొప్పితో నాకస్మికముగ గతించిరి. పిల్లలు దూరదేశములలో నున్నారు. కొట్టు అమ్మివేయుమని బంధువు లందఱు చెప్పిరి. ఆమె వినలేదు. పదునైదవ దినము దాటిన పిమ్మట తాళపుచెవులు తీసికొని వచ్చి గల్లాపెట్టె ముందు కూర్చుండెను. ఆమె చదువు తెలుగు అయిదవ తరగతి. ఫాక్సుప్రోలో తెలుగు లిపి కుదురదు. బాకీదారుల పేర్లన్నియు నేను ఆంగ్లాక్షరములతోనే యెక్కించితిని. తన సొంత కొట్టులో తనకెవరెంత బాకీయో ఆమె చదువుకొనజాలకుండెను. ప్రతి పేరునకు గుమాస్తాను పిలువవలెను.

వారము దినములైన పిమ్మట నన్ను ప్రక్కన కూర్చుండబెట్టుకొని యిట్లడిగెను: "అమ్మాయీ! ఆయన పోవుదురని నేననుకొన్నానా? పోయినారు. నీవు నూఱేండ్లు బ్రతుకుము. కాని నీకు జ్వరము వచ్చి పది దినములు లేవకున్నచో ఈ పెట్టెలో నేమున్నదో చెప్పువారెవరు?"

నాకు సమాధానము లేదు. ఇన్నేండ్లు దేనిని నా గొప్ప యనుకొంటినో, అది ఆమె పాలిటి ప్రమాదమని యప్పుడు తెలిసినది.

సిద్ధముగ దొరకు లెక్కల ప్రోగ్రాము నమ్మువాడొకడు వచ్చి, వారము దినములలో సర్వము మార్చివేయుదుననెను. ఆ ప్రక్కనే ముప్పదేండ్లుగ లారీలు బాగుచేయు మేస్త్రీ యొకరు కలరు. ప్రాత టాటా బండి యింజను చప్పుడు విని జబ్బు చెప్పగలరు. 2020 ఏప్రిల్ మొదలు వచ్చుచున్న బి.ఎస్.6 బండ్లకు మాత్రము యంత్రము తగిలించి చూడవలెను. ఆయన కుమారుడు యంత్రము పట్టుకొనును. తండ్రి ప్రక్కన నిలిచి చప్పుడు వినిపించును. "రెండును కావలెనమ్మా, యంత్రము చెప్పినది నిజమో కాదో చెవి చెప్పవలె" నని ఆయన యనిరి. నేను మేనకోడలిని పిలిచితిని.

మొదట నేను చేసినది ప్రోగ్రాము వ్రాయుట కాదు; నోటుపుస్తకము కొనుట. ప్రాత ప్రోగ్రాములోని ప్రతి భాగము ఏమి చేయునో, ఏల చేయునో తెలుగులో వ్రాసితిని. రెండు వందల పుటల పుస్తకము మూడు వంతులు నిండినది. వ్రాయుచుండగా నొకచోట ఆగిపోయితిని. కొందఱు బాకీదారుల పేర్ల ప్రక్కన ఒక గుర్తు కలదు. ఆ గుర్తు గలవారికి జనవరి నెలాఖరు వఱకు వడ్డీ కట్టవలదని మూడు పంక్తులు వ్రాసియున్నవి. వ్రాసినది నేనే. ఏల వ్రాసితినో నాకు జ్ఞప్తికి రాలేదు. మేనకోడలు "ఇది పొరపాటై యుండును, తీసివేయుదమా అత్తయ్యా?" అన్నది.

వదినగారిని అడిగితిని. ఆమె తడుముకొనక చెప్పెను: "అది మా మామగారి మాట. 1977 నవంబరులో దివిసీమకు ఉప్పెన వచ్చినది కదా! మన కొట్టులో ట్రాక్టరు సామాను అరువు తీసికొన్నవారికి ఇండ్లే కొట్టుకొనిపోయినవి. మామగారు ఆ యేడు బాకీ యడుగలేదు. ఆ తరువాత కూడ సేద్యగాండ్రను సార్వా పంట యింటికి వచ్చి సంక్రాంతి వెళ్లువఱకు వడ్డీ యడుగగూడదని నియమము పెట్టినారు. ఈయనయు తప్పలేదు."

నేను నిశ్చేష్టురాలనైతిని. నియమము నా ప్రోగ్రాములో నున్నది. కారణము ఆమె మనస్సులో నున్నది. ఇరువది తొమ్మిదేండ్లలో నేనామెను ఒక్క మాటయు అడిగియుండలేదు. ప్రోగ్రాము వ్రాయుటకు ఆమె పనికివచ్చునని నాకు తోచనేలేదు. వారము దినములలో మార్చెదనన్నవాని చేతికి ఇచ్చియున్నచో ఆ మూడు పంక్తులు పోయెడివి; పెడన, అవనిగడ్డల సేద్యగాండ్రకు వడ్డీ బిల్లులు పోయెడివి; రెండు తరముల మాట యొక్క దినములో చెడెడిది. నోటుపుస్తకములో ఆ పుటకు ఎఱ్ఱ సిరాతో గీత గీసి, ఆమె చెప్పిన మాటలను యథాతథముగ వ్రాసితిని.

అటుపిమ్మట మేనకోడలు పైథానుతో క్రొత్త ప్రోగ్రాము వ్రాసినది. ప్రాత లెక్కల ఫైళ్లను అది చదువగలదు గనుక ఒక్క బాకీయు తిరిగి యెక్కింపబనిలేకపోయినది. పేర్లన్నియు తెలుగులోనికి మార్చితిమి. 2025 ఏప్రిల్ 1 మొదలు మూడు మాసములు రెండు ప్రోగ్రాములను ప్రక్కప్రక్కన నడపితిమి. ప్రతి రాత్రియు రెండు మొత్తములను సరిచూచుచుంటిమి. మొదటి వారమున కొన్ని బిల్లులు ఒక్కొక్క రూపాయి తేడా వచ్చినవి. కారణము వెదకుటకు రెండు దినములు పట్టినది. రూ. 250.50 పైసలను రూపాయలకు సరిచేయుమన్నచో ఫాక్సుప్రో 251 అనును. పైథాను మామూలుగ 250 అనును. సరిగ్గ సగమున్నప్పుడు సరిసంఖ్యవైపు మొగ్గుట దాని యలవాటు. రెండును తప్పు కావు. కొట్టు మాత్రము ఒకదానికే యలవాటు పడినది. మేనకోడలు క్రొత్తదానికి ప్రాత యలవాటు నేర్పినది. "అత్తయ్యా! నీ మ్యూజియము వస్తువు లేకున్నచో ఈ తప్పు నేను కనుగొనియుండను" అని యామెయే యనెను. నాకు అంతకన్న బిరుదు అక్కఱలేదు.

2025 సెప్టెంబరు 22న, నవరాత్రుల మొదటి దినమున, మోటారు విడిభాగములపై నున్న 28 శాతపు పన్ను 18 శాతమైనది. ఆ పూట నేను ఇంద్రకీలాద్రిమీద దర్శనపు వరుసలో నిలిచియుంటిని. కొట్టునుండి పిలుపు వచ్చునని ఫోను చేతనే పట్టుకొంటిని. రాలేదు. సాయంకాలము నేనే కొట్టునకు పోతిని. ముందునాటి రాత్రియే మేనకోడలు ఆ యంకె మార్చి, పది బిల్లులు సరిచూచి పోయినదట. వదినగారు తెరమీది తెలుగు పేర్లను వ్రేలితో చదువుకొనుచు ఒక్కొక్క బాకీదారునకు తానే ఫోను చేయుచుండెను. నన్ను చూచి "కూర్చో అమ్మాయీ, ఇప్పుడే వత్తును" అనెను. ఇన్నేండ్లలో ఆ కొట్టులో నన్ను కూర్చుండి వేచియుండుమన్నది అదియే మొదటిసారి. సంతోషము కలిగినది. కొంచెము వెలితియు తోచినదని ఒప్పుకొనుటకు సిగ్గుపడను. ఆ వెలితి నాది, ధైర్యము ఆమెది. ఆ లెక్క సరిగనే యున్నది.

ప్రాత ప్రోగ్రామును మేము పాఱవేయలేదు. ఒక కంప్యూటరులో దానిని అట్లే యుంచితిమి. వెనుకటి యేండ్ల బిల్లు కావలసినపుడు తెఱచి చూచుకొందుము. నేనును ఏబదియవ యేట పైథాను అక్షరాభ్యాసము మొదలుపెట్టితిని. మేనకోడలు గురువు, తప్పు చేసినచో కొంచెము గట్టిగనే కేకలు వేయును.

ప్రశ్న యడిగిన సోదరికి ఇప్పుడు ప్రత్యుత్తరము చెప్పగలను. అమ్మా! లెక్కలు కంప్యూటరులో తప్పక వ్రాసికొనుము. కాని నీ యింట నడుచు కొట్టునకో, కుట్టుపనికో, పాడి లెక్కకో ప్రోగ్రాము పెట్టించుకొన్నచో పెట్టినవారిని నాలుగు ప్రశ్నలడుగుము. నా లెక్కలను దీనినుండి వెలికి తీసి వేఱొకదానిలో పెట్టుకొనవచ్చునా? నీవు గాక దీనిని తెలిసినవారు మఱెవ్వరు? ఇది యేమి చేయునో, ఏల చేయునో తెలుగులో వ్రాసి యిత్తువా? నకలు వేఱొకచోట నెచ్చట నున్నది? వీనికి జవాబులు తెల్లగ వచ్చినచో భాష ప్రాతదైనను భయము లేదు. రానిచో నిన్న పుట్టిన భాషయైనను నమ్మదగదు. ఇక ఆ జవాబులు వ్రాసికొనుటకే కాగితపు పుస్తకము కావలెను.

వేఱొక మాటయు కలదు. ఇంటిలో యజమాని చేయు లెక్కకు కారణములు తఱచు గృహిణికే తెలిసియుండును. అడుగువారు లేక అవి ఆమెతోనే పోవుచున్నవి. అడుగువఱకు వేచియుండకుడు. ఒక పుస్తకము తెఱచి, ఎవరికి ఏమి మాట యిచ్చితిమో, ఏల యిచ్చితిమో నేడే వ్రాసియుంచుడు.

వచ్చు మాసము ఇంటి దస్తావేజులను భద్రపఱచు విధమును ముచ్చటించుకొందము.